ఎబినేజర్ శాలువా

మందమర్రి ఫుట్‌బాల్ జట్టు మేనేజర్ ఎబినేజర్‌కు ఆటగాళ్లను తీసేయాలంటే మహా బాధ. అందుకే సన్మానం చేస్తాడు. లీగువాళ్లు జట్టు జీతాలన్నిటికీ కలిపి ఒక పరిమితి పెట్టారు, దాటితే ఆడనివ్వరు. కాబట్టి ఏటా పోటీలు ముగిసి, తొలకరికి బొగ్గుధూళి మెత్తబడి నేల వాసన లేచే రోజుల్లో, ఎవరి జీతం బరువనిపిస్తే వాళ్ల భుజాలమీద ప్రేమగా శాలువా కప్పుతాడు. ముందు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. కప్పించుకున్నవాడు మళ్లీ మైదానంలో కనబడడు. ఆదివారం ఆయన చంకలో శాలువా సంచి కనబడితే చాలు, ఆటగాళ్లు చర్చి వెనక గేటు నుంచి జారుకుంటారు.

ఈసారి కొత్త స్ట్రైకర్ కావాలి, పరిమితిలో చోటు లేదు. ఆరాధన కాగానే మెట్లమీద గోల్‌కీపర్ పేతురును పట్టుకున్నాడు. మోకాలు నొప్పి ఉన్నా, ఇంకొక్క ఏడు ఆడాలని పేతురు ఆశ.

"తమ్మీ, జర తల వంచు. నీ సేవలు మరువం."

"నేనింక ఆడుత అన్నా. గీ శాలువా నాకొద్దు."

"పరిమితి తమ్మీ. నా చేతుల ఏమున్నది?"

పొడుగాటి పేతురు వంగకపోయేసరికి ఎబినేజర్ శాలువాను వలలా విసిరాడు. ఇన్నేళ్లుగా మీదికొచ్చిన బంతులన్నీ పట్టిన చేతులు దాన్నీ గాల్లోనే పట్టేశాయి.

"నీ జీతం సుత గా పరిమితిలనే ఉన్నది గదనే అన్నా," అంటూ పేతురు దాన్ని మేనేజర్ భుజాలకే చుట్టాడు. "స్ట్రైకర్‌కు జాగ దొరికింది."

చర్చి నుంచి బయటికొచ్చి చూస్తున్నవాళ్లలో అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది జట్టు అధ్యక్షుడు దేవదాస్. "నీ సేవలు మరువం ఎబినేజరన్నా!"

ఎబినేజర్ అలవాటుగా అద్దాలు తీసి తుడిచాడు. ఈసారి తుడిచేకొద్దీ తడిశాయి.