ఎత్తున కట్టిన ఉయ్యాల

నా చిన్నప్పుడు నంద్యాలలో కుందూ ఏటి ఒడ్డున ఇల్లుందని చెప్పుకోవడానికి జనం సిగ్గుపడేవాళ్ళు. ఇప్పుడు అదే ఒడ్డున ఇల్లు కొనడానికి ఎగబడుతున్నారు. మేం గేదెలను కడిగిన రేవులో ఈరోజు బూట్లేసుకుని నడిచేవాళ్ళ కోసం టైల్స్ పరిచారు. ఏటి వైపు బాల్కనీ ఉన్న ఇంటికి ఒక ధర, రోడ్డు వైపుదానికి ఇంకో ధర. నీళ్ళు కనబడితే రేటు ఎక్కువట. మా రోజుల్లో నీళ్ళు కనబడితే మూటలు సర్దుకునేవాళ్ళం.

మా వీధి మొత్తంలో పల్లపు ఇల్లు మాదే. వాన ముదిరితే కుందూ మొదట పలకరించేది మమ్మల్నే. అందుకని మా ఇంట్లో సామానంతా ఎత్తులోనే ఉండేది. జొన్నల మూటలు అటక మీద, ఉప్పు జాడీ, అగ్గిపెట్టె పై గూట్లో. మంచం కోళ్ళ కింద నాపరాళ్ళు. బట్టలు తగిలించే కొయ్యలు కూడా పెద్దవాళ్ళ తలకన్నా పైన దిగ్గొట్టి ఉండేవి. వాటిని అందుకోవడానికి ఒక పొడుగాటి పీట ఇంట్లో తిరుగుతూ ఉండేది. మా నాయన తల్లిని మేం జేజి అని పిలిచేవాళ్ళం. నీళ్ళు వచ్చి పోయిన ఏడల్లా అవి ఎంతవరకు లేచాయో చూసి, ఆ ఎత్తున గోడకు జాజుతో ఒక ఎర్ర గీత గీసి బొట్టు పెట్టేది. మా అమ్మ నిలబడితే అన్నిటికన్నా పై గీత ఆమె రొమ్ముల దాకా వచ్చేది. నా బట్టలకు ఎప్పుడూ ముక్కవాసన. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు చిట్లిస్తే, అది వేరేవాళ్ళ దగ్గర నుంచి వస్తున్నట్టు నేనూ చిట్లించేదాన్ని.

ఆ ఏడు మా అమ్మ కడుపుతో ఉంది. పుట్టబోయే బిడ్డయినా మెరక మీద పుట్టాలని మా నాయన పట్టుదల. ఊరికి అటువైపు ఎత్తు నేలలో కొత్తగా స్థలాలు అమ్ముతున్నారు. ఈ ఇల్లు అమ్మితేగాని అక్కడ స్థలం రాదు. ఎవరెవరినో అడిగి, చివరికి ఆళ్లగడ్డలో గాజుల వ్యాపారం చేసే ఒక సాయిబుకు కబురు చేశాడు. ఆయన అక్కడి ఉమ్మడి ఇంట్లో తన భాగం అమ్ముకుని నంద్యాలకు మకాం మారుద్దామనుకుంటున్నాడట. మా ఊరివాళ్ళయితే ఈ ఇల్లు ఊరికే ఇచ్చినా తీసుకోరు. ఆళ్లగడ్డ ఆయనకు మా కుందూ సంగతి తెలియదు.

వాళ్ళు వచ్చే ముందు రోజు నాయన సామానంతా కిందికి దించాడు. మంచం కోళ్ళ కింద రాళ్ళు తీసి పెరట్లో పడేశాడు. పొడుగాటి పీటను కొట్టంలో గడ్డి వెనక దాచాడు. తర్వాత సున్నం కలిపి గోడకు వెల్ల వేయడం మొదలుపెట్టాడు. ఎర్ర గీతలు మాయమవుతుంటే నాకు పట్టరాని సంతోషం. మెరక మీదికి పోతాం, నా బట్టలు కంపు కొట్టవు అని గంతులేశాను. జేజి గడపలో కూర్చుని చాలాసేపు చూసింది. "ఏందిరా, పండగేమన్నా వస్తాందా?" అని మాత్రం అడిగింది. "ఇల్లు సూసేదానికి వస్తాండారు లేమ్మా" అని నాయన అటు తిరిగే జవాబిచ్చాడు.

మర్నాడు సాయిబు, ఆయన భార్య, ఆమె చంకలో నెలల బిడ్డ వచ్చారు. ఆమెకు ఇల్లు బాగా నచ్చింది. పెరటి తలుపు తీయగానే ఏటి గాలి ముఖానికి తగిలితే కళ్ళు మూసుకుని నవ్వింది. ఎండాకాలం కూడా ఇల్లు చల్లగా ఉంటుందని నాయన చెప్పాడు. బట్టలుతకడానికి దూరం పోనక్కర్లేదని చెప్పాడు. గోడలు గట్టివని తట్టి చూపించాడు. ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెంపలు వేడెక్కుతాయి. అబద్ధమాడి ఉంటే తిట్టుకుని ఊరుకునేదాన్నేమో.

బేరం దాదాపు కుదిరింది. సాయిబు బయానా ఇవ్వడానికి జేబులో చెయ్యి పెట్టాడు. అప్పుడే బిడ్డ నిద్రకు ఏడుపు మొదలుపెట్టింది. కాసేపు పడుకోబెట్టడానికి చోటు చూపమని ఆమె అడిగితే, మంచం ఉంది కదా అన్నాడు నాయన. జేజి లేచింది. కొట్టంలోకి వెళ్ళి గడ్డి వెనకనుంచి పొడుగాటి పీట లాక్కొచ్చింది. పెట్టెలోంచి తన పాత చీర తీసింది. పీటెక్కి, దూలానికున్న ఇనుప కొక్కేనికి ఆ చీరతో వానల నెలల్లో ఎప్పుడూ కట్టే విధంగానే ఉయ్యాల కట్టింది. బిడ్డను అందుకుని మెల్లగా అందులో వేసి, కిందికి దిగి పీట పక్కకు జరిపింది. ఉయ్యాలకు కట్టిన తాడు పట్టుకుని కిందనుంచి ఊపసాగింది. బిడ్డ మా అందరి తలలకన్నా పైన ఊగుతోంది.

తల్లి నవ్వుతూనే చెయ్యి పైకి చాచింది. వేళ్ళ కొసలు మాత్రం చీరకు తగిలాయి. "ఇంత ఎత్తున కట్టినావేంది పెద్దమ్మా? నా బిడ్డ నాకే అందకుండా ఉండాదే" అంది.

"ఈడ ఇట్నే కడతాం పాపా. నా బిడ్డలందర్నీ ఆడనే ఏసి ఊపినా" అంది జేజి.

ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. పైనున్న కొయ్యలు చూసింది, పైనున్న గూళ్ళు చూసింది. తర్వాత గోడ చూసింది. మా నాయన సున్నం దండగ చేయడం ఇష్టంలేక, గీతలు మునిగేంత ఎత్తు వరకే వెల్ల వేశాడు. ఆ పైన గోడంతా పాత మసి రంగే. మూడు గోడల మీదా ఒకే ఎత్తున తెలుపు ఆగిపోయింది. జేజి గీసినవి సన్నని గీతలు. నాయన వాటిని చెరపబోయి రొమ్ముల ఎత్తు నీళ్ళను ఇల్లంతా గీసి పెట్టాడు.

"ఆడిదాకా వస్తాయా?" అని ఆమె నెమ్మదిగా అడిగింది.

"అన్ని ఏండ్లూ రావు. వచ్చేటప్పుడు మటుకు చెప్పి రావు" అంది జేజి, తాడు ఊపడం ఆపకుండా.

సాయిబు జేబులోంచి ఖాళీ చెయ్యి బయటికి తీశాడు. ఒక్క పరుషమైన మాట అనలేదు. "ఇంట్లో మాట్లాడుకోని చెప్తామన్నా" అన్నాడు. నాయన తల వంచుకుని కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. ఆయన గోళ్ళకు ఇంకా సున్నం అంటుకుని ఉంది. అంత పెద్ద మనిషి అలా నిలబడటం నేను అంతకుముందు చూడలేదు. నేను తలుపు వెనక్కి పోయి గోడకు ముఖం ఆనించుకున్నాను. ఆమె బిడ్డను దించుకుని, వెళ్ళబోతూ జేజి చెయ్యి కాసేపు రెండు చేతులతో పట్టుకుంది. తలుపు వెనకనున్న నన్ను చూసి నా తల కూడా నిమిరింది. ఆ చెయ్యి తగిలితే నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

వాళ్ళు వెళ్ళాక మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. అత్తకు ఎదురు మాట్లాడి ఎరగని మనిషి, ఆరోజు మాట్లాడింది. "నా బిడ్డ మటుకు ఈ నీళ్ళల్లోనే పుట్టాల్నా?" అంది. జేజి కోడలి పక్కన చతికిలబడి, "దానిది కూడా బిడ్డే గదమ్మా" అంది. ఇద్దరూ అలాగే కూర్చుండిపోయారు. ఆ పూట పొయ్యి వెలగలేదు.

నాయన చాలా రోజులు జేజితో సరిగా మాట్లాడలేదు. ఒకరోజు పొద్దున లేచి చూసేసరికి జాజు కలుపుకుని, తాను వేసిన తెల్లటి సున్నం మీద ఎర్ర గీతలు మళ్ళీ తానే గీస్తున్నాడు. ఎంత ఎత్తున గీయాలో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. జేజి వచ్చి బొట్లు పెట్టింది.

తమ్ముడు ఆ ఇంట్లోనే పుట్టాడు. విచిత్రమేమిటంటే ఆ ఏడు వానలే లేవు. ఏరు పిల్లకాలువలా పారింది. ఊరికే బేరం చెడగొట్టుకున్నామని అమ్మ జేజిని సందు దొరికినప్పుడల్లా దెప్పేది. జేజి పడేది. మరుసటి ఏడు నీళ్ళు వచ్చాయి. మేమంతా పీటల మీదా అటక మీదా వణుకుతూ కూర్చుంటే, తమ్ముడు ఒక్కడే ఆ ఉయ్యాలలో హాయిగా నిద్రపోయాడు. ఆ తర్వాత అమ్మ ఆ బేరం ఊసెత్తలేదు. చాన్నాళ్ళకు ఇటుకబట్టీ పెట్టుకునే ఆయనకు, గీతలన్నీ చూపించి, వచ్చినకాడికి ఇల్లు అమ్మాం. మెరక మీద మాకు దొరికింది చిన్న ముక్కే.

ఆ ఉయ్యాలలో నిద్రపోయిన మా తమ్ముడి కొడుకే ఇప్పుడు కుందూ ఒడ్డున ఇళ్ళు కట్టి అమ్ముతున్నాడు. ఈమధ్య వాడి రంగుల కరపత్రం ఒకటి ఇంటికి వచ్చింది. అందులో నా ఫోటో ఉంది. మూడు తరాలుగా ఈ ఏటి ఒడ్డునే ఆనందంగా ఉన్నామని కింద రాశాడు. నన్ను అడగలేదు. చుట్టుపక్కలవాళ్ళంతా ఫోటో బాగుందని మెచ్చుకుంటుంటే, చిన్నప్పుడు తలుపు వెనక పడిన సిగ్గు మళ్ళీ నా ముఖం మీదికి వచ్చింది.

పోయిన ఆదివారం కింది అంతస్తులో ఉన్న నమూనా ఇల్లు చూపిస్తానని కారులో తీసుకెళ్ళాడు. ఇల్లు ఎంత బాగుందో చెప్పలేను. నున్నటి నేల, గోడంత అద్దం, అద్దంలో ఏరు. కోయిలకుంట్ల నుంచి శనగల వ్యాపారం చేసే కుర్రాడు భార్యతో వచ్చాడు. ఆమె చంకలో పాప. ఏటి గాలికి, పాపనెత్తుకున్న ఆ పిల్ల కూడా కళ్ళు మూసుకుని నవ్వింది. మా వాడు నా భుజం మీద చెయ్యి వేసి, "మా అత్త ఈడనే పుట్టి పెరిగింది. సెప్పత్తా, ఎట్లుంటాది ఈడ?" అన్నాడు.

వాడు మంచివాడే. మా నాయన కూడా మంచివాడే. వాడిని నలుగురిలో తలదించుకునేలా చేయడానికి నాకు మనసొప్పలేదు. అలాగని ఆ పిల్ల ముఖం చూస్తూ గాలి బాగుంటుందని చెప్పడానికి నోరూ రాలేదు.

"పాపకు ఉయ్యాల యాడ కడతావమ్మా?" అని అడిగాను.

ఆమె నవ్వి, కిటికీ పక్కన తన నడుమంత ఎత్తున చెయ్యి పెట్టి చూపించింది. నేను లేచి అక్కడికి వెళ్ళాను. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. తల దాటింది, ఇంకా పైకి పోయింది. చాచగలిగినంత చాచి, గోడకు అరచెయ్యి ఆనించాను.

"మేం ఈడ కట్టేవాళ్ళం తల్లీ" అన్నాను.

ఆ పిల్ల నా చేతి వైపు చూసింది, కింద నేల వైపు చూసింది, పాపను దగ్గరికి హత్తుకుంది. మా వాడు తల వంచుకుని తన బూట్ల వైపు చూసుకున్నాడు. చెయ్యి నొప్పి పుడుతున్నా నేను దించలేదు.