ఒళ్లో బెల్టు

కెన్యాలోని నకురు బస్టాండులో ముందు వ్యాను కండక్టరు కమోథో గొంతు వినిపిస్తుంది, తర్వాత మనిషి కనిపిస్తాడు. అరచేత్తో తన వ్యాను తలుపు చరుస్తూ, పక్కనున్న ఎర్ర వ్యానును గడ్డంతో చూపిస్తూ అరుస్తాడు. "అది ఎక్కారంటే తిన్నగా స్మశానంలోనే దిగుతారమ్మా! మాది చూడండి, కొత్త బ్రేకులు, స్పీడుకి కళ్లెం, సీటు సీటుకీ బెల్టు!" బెల్టులున్న మాట నిజమే. వాటికి కొక్కేలే లేవు. దారిలో పోలీసులు కనబడగానే అతను "బెల్టులు!" అని కేకేస్తాడు. జనం పట్టీ లాగి ఒళ్లో పరుచుకుంటారు, పోలీసులను దాటగానే వదిలేస్తారు. అందరికీ అలవాటే.

ఆ శనివారం అతని కూతురు గథోని చంటిపిల్లతో వచ్చి వ్యాను ఎక్కబోయింది. కమోథో చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఇందులో వద్దు తల్లీ, ఇరుకు," అని నసిగాడు. వ్యాను సగం ఖాళీగానే ఉంది. సంచీ అందుకుని ఆమెను ఎర్ర వ్యానులో కూర్చోబెట్టి, తనే బెల్టు పెట్టాడు. టక్కుమని పడింది. ఒకసారి గట్టిగా లాగి చూశాడు. తల తిప్పేసరికి తన వ్యాను అద్దాల్లోంచి అందరూ అటే చూస్తున్నారు. తిరిగొచ్చి తలుపు ఒక్కసారి చరిచి ఎక్కాడు. ఎవరూ దిగలేదు. దిగిపోయినా బాగుండేదనిపించింది.

ఊరి బయట పోలీసులు కనిపించారు. కమోథో నోట ఆ కేక రాలేదు. తల దించుకున్నాడు. ముందు సీట్లోని ముసలామె తనంతట తనే పట్టీ లాగి ఒళ్లో పెట్టుకుని, మెల్లగా అంది.

"మావి మేం పట్టుకుంటాంలే నాయనా. నీ బిడ్డది గట్టిగా పడిందిగా."