మీ మేడంని అడగండి

కోకాపేటలో నేను మొదట టీచరుగా పనిచేసిన సర్కారు బడి పిల్లల తల్లుల్లో చాలామంది పక్కనే ఉన్న అపార్ట్‌మెంట్ టవర్లలో వంటపని, ఇంటిపని చేసేవారు. బడికి ఏం కావాలన్నా నేను వాళ్ళతో ఒకటే మాట అనేదాన్ని: "మీ మేడంని అడగండి." వాళ్ళు అడిగేవారు, ఆ మేడంలు తమ టవర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు, వారం తిరగకుండా ఫ్యానో, నీళ్ళ ఫిల్టరో వచ్చేసేది. అదంతా నా తెలివే అనుకుని మురిసిపోయాను.

తర్వాత బదిలీ మీద మూడు కిలోమీటర్ల దూరంలోని ఇంకో సర్కారు బడికి వచ్చాను. పైన రేకులు కాగిపోతున్నా గదుల్లో ఒక్క ఫ్యానూ లేదు. పాత బడికి వెళ్ళి, అట్టపెట్టెల్లో ఊరికే పడివున్న రెండు ఫ్యాన్లు ఇమ్మని హెడ్మాస్టరుని అడిగాను.

"దాతలు ఈ బడికని ఇచ్చిండ్రు మేడం, మీకెట్లిస్తం?" అన్నారాయన.

ఒళ్ళు మండిపోయింది. కానీ నేను అక్కడున్నప్పుడు ఎవరైనా వచ్చి అడిగుంటే నేనూ ఆ మాటే అనేదాన్ని.

ఆ వారం తల్లిదండ్రుల సమావేశంలో, నోటికి అలవాటైపోయి, మళ్ళీ అదే అనేశాను: "మీ మేడంని అడగండి."

ఇక్కడి తల్లిదండ్రులంతా కొత్త టవర్ల దగ్గర ఇటుకలు, సిమెంటు మోసేవాళ్ళు. చంకలో బిడ్డతో నిలబడ్డ ఒక తల్లి, నన్నే ఓదారుస్తున్నట్టు, నెమ్మదిగా చెప్పింది.

"మేం కట్టే బిల్డింగులల్ల ఇంకా ఎవ్వరు కాపురం దిగలే మేడం. వాళ్ళు దిగేసరికి మేం ఇంకో సైటుకు పోతం."