వీరబ్రహ్మంగారి విద్యాదేవి

రాజమహేంద్రవరంలో మా చిత్రకళాశాల వెనకవైపు పొడుగాటి పెంకుటిల్లు ఉండేది. పలక మీద శిల్పశాల అని రాశారు గానీ ఊళ్లోవాళ్లు బొమ్మల కొట్టు అనేవారు. ఏటా చలికాలంలో అక్కడ ప్రదర్శన జరిగేది. దాని పెత్తనమంతా శిల్పం పంతులు వీరబ్రహ్మానిది. నేను పక్క గదిలో డ్రాయింగు చెప్పేవాణ్ణి. అంత మంచి చేతులను అంత వెన్నెముక లేని మనిషికి దేవుడెందుకు తగిలించాడో నాకిప్పటికీ అర్థం కాదు.

చేతుల సంగతి అబద్ధమాడను. మొదటి ప్రదర్శనకు అతను రేవులో చేపలమ్మే మరిడమ్మను చేశాడు. ఒండ్రుమట్టితో బొమ్మ చేసి, అచ్చు తీసి, ప్లాస్టరు పోశాడు. నెత్తిన గంప, నడుం మీద చెయ్యి, బేరం తెగక కేకలేస్తున్న నోరు. రేవు జనమంతా చూడ్డానికి వచ్చారు. మరిడమ్మ తన బొమ్మ చుట్టూ తిరిగి, "అమ్మో, ఇది నాకంటే గయ్యాళిలాగుందండోయ్!" అని పడీపడీ నవ్వింది.

సాయంత్రం కళాశాల సంఘానికి పెద్ద, మండపేట వైపు భూస్వామి చంద్రరావుగారు వచ్చారు. బొమ్మను చూసి ఉత్తరీయం ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు, ప్లాస్టరు నీచువాసన కొడుతున్నట్టు.

"ఏమయ్యా వీరబ్రహ్మం, వచ్చే ఏడు కాకినాడ నుంచి కలెక్టరు దొరగారొస్తున్నారు. ఆయనకీ ఈ చేపలదాన్నే చూపిస్తావా?"

"తమరెలా సెలవిస్తే అలాగేనండి," అన్నాడు వీరబ్రహ్మం. ఊపిరి పీల్చుకునేంత సేపైనా ఆలోచించలేదు.

గంప కొట్టేసి కిరీటం పెట్టాడు. నడుం మీది చెయ్యి విరిచి వీణ తగిలించాడు. తెరిచిన నోట్లో ప్లాస్టరు కూరి, పైన ఓ చిరునవ్వు చెక్కాడు. కింద "విద్యాదేవి" అని పలక. మరుసటేడు దొర దాని ముందు నిలబడి "వెరీ గుడ్" అన్నాడు. చంద్రరావుగారు శాలువా కప్పారు. ఆ తర్వాత రోహిణి ఎండల్లో కూడా మావాడు చెమటలు కక్కుతూ ఆ శాలువాతోనే బడికొచ్చేవాడు.

దొర వచ్చిన రోజే మరిడమ్మ కూడా తన వాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది.

"బెమ్మంగారూ, నా గంపేదండీ?"

"ఎవరే నువ్వు? పో అవతలికి!"

"నన్నెరగరా? నెల్లాళ్లు నిలబెట్టారు కదండీ!"

అతను మొహం తిప్పుకున్నాడు. ఆమె గుమ్మం బయట తుపుక్కున ఉమ్మి వెళ్లిపోయింది. నాకు మరిడమ్మ మీద గౌరవం కలిగింది.

అక్కణ్ణుంచి ప్రతి ప్రదర్శనకూ అదే ముఖం. జడ్జీ వస్తే చేతికి త్రాసు, జమీందారు వస్తే తామరపువ్వు. శిష్యులెవరైనా మనిషిలా కనబడే ముఖం చేస్తే, నలిపి ముద్ద చేసేవాడు.

కొన్నేళ్లకు అతని భార్య అచ్చాయమ్మ కలరాతో పోయింది. దినాలయ్యాక మా ఇంటికొచ్చాడు.

"ఒక్కసారి వచ్చి చూడండి. మా ఆవిడ మొహం రావడం లేదండి."

వెళ్లాను. బల్ల మీద మట్టి తలకాయలు వరసగా ఉన్నాయి. అన్నిటికీ అదే చచ్చు చిరునవ్వు.

"దానికి పెదవి మీద పుట్టుమచ్చ ఉండేది కదండీ. కుడివైపా, ఎడంవైపా?"

"కాపురం చేసింది మీరు. నన్నడుగుతారేంటండీ?" అన్నాను.

కూలబడి ఏడ్చాడు. జాలి వేస్తుందేమోనని కాసేపు నిలబడి చూశాను. వెయ్యలేదు.

ఆ ఏడు ప్రదర్శనకు కొత్త బొమ్మేదీ సిద్ధంగా లేదు. ఆ తలకాయల్లో ఒకటి ఏరి, దానికి పోత పోసి, కిరీటం అతికించి నడిమి బల్ల మీద పెట్టాడు. తాను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈవిడెవరయ్యా?" అన్నారు చంద్రరావుగారు.

"భూదేవండి," అన్నాడు వీరబ్రహ్మం.

ఆయన బాగుందన్నట్టు తలూపారు. అంతే, భార్య పోయి మూడు నెలలైనా నిండని ఆ మనిషి మొహం చింకి చాటంత అయింది.