తంబాకు చేతులు, ఉప్పునీళ్లు

ఎల్లారెడ్డి ఊళ్లో వినోద బీడీలు చుట్టే వేగం చూస్తే ఎవరికైనా కళ్లు తిరిగేవి. మాట్లాడుతూనే చుట్టేది, పోట్లాడుతూనే చుట్టేది, సీరియల్ చూస్తూనే ఆకులో తంబాకు పోసి దారం బిగించేది. పెళ్లికి ముందునుంచీ ఆకూ తంబాకూ పెట్టుకునే చాట ఆమె ఒళ్లోంచి దిగింది లేదు. భర్త బాలరాజు మస్కట్‌లో ఉన్నన్నాళ్లూ ఇల్లు సగం నడిచింది దాని మీదే.

బాలరాజు అక్కడ ఓ హోటల్లో సముద్రపు జీవుల అద్దాల తొట్లు చూసుకునేవాడు. ఈసారి సెలవు మీద వచ్చినవాడికి తిరిగి పోవాలని లేదు. వినోదకు పంపాలని అసలే లేదు. అప్పుడే కామారెడ్డిలో కొత్త హోటల్ కడుతున్న నరేందర్ పటేల్, తన హోటల్లోనూ అలాంటి తొట్టి పెడతానని ఒక ఆశ చూపాడు.

"చేపలు ఎక్కడన్న ఉంటయ్. నాకు ఇసుక మీద తిరిగేటియి గావాలె. రొయ్యలు, నత్తలు గసొంటియి. ముందుగాల నీ ఇంట్ల బతికిచ్చి చూపెట్టు. దసరా నాడు వస్త. బతికితే పని నీదే."

బతక్కపోతే మళ్లీ మస్కట్ విమానమే.

సముద్రం మొహం ఎరగని ఊళ్లో, ముందుగదిలో సముద్రం పెట్టాడు మహానుభావుడు. అడుగున ఇసుక పరిచి, వడపోసిన నీళ్లలో ఉప్పు కలిపి, నీళ్లు కుదుటపడేదాకా వారాల తరబడి ఆగాడు. హైదరాబాద్ దుకాణంలో అరచేయంత నక్షత్రచేపను చూపిస్తే మనసు లాగినా వద్దన్నాడు. ఇసుకలోని పురుగుల్ని ఏరుకుని తినే జీవి అది, ఇంత కొంచెం ఇసుకలో ఆకలికి చస్తుంది. పెద్ద పీతనూ వద్దన్నాడు, నత్తల్ని పీక్కు తింటుందని. చివరికి ఇసుకలో దాక్కునే చిన్న నత్తలు, ఎర్ర చారల రొయ్యలు, గుల్ల మోసుకు తిరిగే బుల్లి పీత ఒకటి, ఎవరి జోలికీ పోని చేపలు రెండు తెచ్చాడు. పిల్లకు సంబంధం చూసినట్టే చూశాడు.

వారం తిరక్కుండా రొయ్య చచ్చింది. పీత మీద అనుమానపడి దాన్ని తీసి బకెట్లో వేశాడు. తరవాత నత్తలు వెల్లకిలా పడ్డాయి. చేపలు మాత్రం హాయిగా ఈదుతున్నాయి. ఉప్పు చూశాడు, వేడి చూశాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మళ్లీ హైదరాబాద్ పోయి తెచ్చినవీ ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. దసరా దగ్గరికొచ్చేసింది. అన్నం ముందు కూర్చుని కూడా మొగుడు అద్దంకేసే చూస్తుంటే వినోదకు ఒళ్లు మండేది. అంతకన్నా ఎక్కువ భయమేసేది.

ఒక పొద్దున ఆమె చాట పక్కనపెట్టి, చిటికెడు మేత తీసుకుని, మోచేతిదాకా నీళ్లలో ముంచింది.

"ఏం జేస్తున్నవే?"

"మేత పెడుతున్న. పైనుంచి ఏస్తే చేపలే మింగుతున్నయ్, పాపం నత్తలకు అందుతలేదు. నువ్వు అవి తెచ్చినప్పటిసంది రోజు గిట్లనే ఇసుక మీద పెడుతున్న."

నీళ్ల మీద సన్నటి గోధుమరంగు నలుసులు తేలాయి. బాలరాజు ఆమె చెయ్యి బయటికి లాగి వాసన చూశాడు.

"తంబాకు."

"కడుక్కున్న గదా. ఎంత కడిగినా పోదు. అన్నంల గూడ వస్తది గా వాసన."

"గదే ఇసం. చేపలు తట్టుకుంటున్నయ్. రొయ్యలకు, నత్తలకు పడదు. మస్కట్ల తొట్టి దగ్గర సిగరెట్ గూడ తాగనియ్యకపోదురు. ఇంట్ల చాట పెట్టుకొని నాకే సోయి లేకపాయె."

మిగిలిన వాటిని కొత్త ఉప్పునీళ్ల టబ్‌లోకి మార్చాడు. తొట్టి నీళ్లు తోడేసి కొత్తవి పోశాడు, విషాన్ని పీల్చే బొగ్గు సంచి వేశాడు. వినోద చేతులు వెనక్కి పెట్టుకుని గోడకానుకుని నిలబడింది.

"దేనికి ఏది పడుతదో అన్ని చూసినవ్. నాకేది పడదో ఎన్నడన్న చూసినవా? నా ఏళ్లు ముంచితేనే అవి సచ్చినయ్. గా దుమ్ము నేను చిన్నప్పటిసంది పీలుస్తున్న."

ఆమె దగ్గు బాలరాజుకు కొత్త కాదు. దాని గురించి ఒక్కసారీ అడగలేదు. సిగ్గేసింది.

దసరా నాడు నరేందర్ వచ్చి కూర్చున్నాడు. మిగిలిన జీవాల్ని మళ్లీ తొట్టిలో వదిలినా చేపలు తప్ప ఏమీ కదల్లేదు. బాలరాజు తంబాకు సంగతంతా చెప్పేలోగా చాయ్ అయిపోయింది. ఆయన ఫోన్ తీశాడు, వాచీ చూసుకున్నాడు. బాలరాజు మేత వేశాడు. ఇసుక కొద్దిగా లేచి ఒక నత్త బయటికొచ్చింది, ఆ వెనకే ఇంకొకటి. రాయి చాటునుంచి రొయ్య నడిచి వచ్చింది.

"మంచిగున్నది," అన్నాడు నరేందర్. "పని నీదే."

"ఇద్దరికియ్యి పటేలా," అన్నాడు బాలరాజు వినోదను చూపిస్తూ. "ఇద్దరికైతేనే చేస్త."

నరేందర్ మొహం మారింది. వినోద వైపు తిరిగాడు. "బీడీలు చుట్టే చేతులాయె. మళ్ల సంపుతవా ఏందమ్మా?"

"చుడుతలేను పటేలా. నిన్ననే బీడీల కార్ఖానాల చాట అప్పజెప్పొచ్చిన."

ఈ సంగతి బాలరాజుకు తెలియదు. ఇప్పుడీయన కాదంటే హోటలూ లేదు, చాటా లేదు.

నరేందర్ రొయ్యనే చూస్తూ కూర్చున్నాడు. "సరే, ఇద్దరు రాండ్రి," అని లేచాడు.

నరేందర్ జీపు మలుపు తిరగ్గానే బాలరాజు ఆమె వైపు తిరిగాడు. "నాకు చెప్పకుంటనే బందు పెట్టినవా? గాయన వద్దంటే ఏం జేస్తుంటిమి?"

"వద్దన్నా చుట్టకపోతుంటి," అంది వినోద. "నాకు గూడ బతకాలని ఉన్నది."