మున్షీ గల్లీ

నిన్న మా వీధి మొదట్లో మున్సిపాలిటీ వాళ్లు కొత్త బోర్డు పాతారు. కిటికీలోంచి పచ్చి రంగు వాసన ఇల్లంతా నిండింది. బోర్డు మీద ఎవరో నాయకుడి పేరు. ఆయన ఎప్పుడైనా సూర్యాపేటకు వచ్చాడో లేదో నాకు తెలియదు. నేను కాపురానికి వచ్చేనాటికి ఇది మున్షీ గల్లీ. ఆ మున్షీని కళ్లారా చూసినవాళ్లలో ఇప్పుడు ఇక్కడ మిగిలింది నేనొక్కదాన్నే.

ఆయన పేరు ఖాదర్ సాబు. మా పక్కిల్లే. కచేరీ పనులన్నీ ఉర్దూలో జరిగే నిజాం రోజులు. చిలుకూరు నుంచి, అనంతగిరి నుంచి రైతులు బండ్లు కట్టుకొని వచ్చి, ఆయన అరుగు మీద గోడు చెప్పుకుని అర్జీలు రాయించుకునేవారు. వాళ్ల నోటనే వీధికి ఆ పేరు పడింది. భార్య పోయింది, ఒక్కగానొక్క కూతురిని మిర్యాలగూడలో ఇచ్చాడు. నా భర్త నిజాం మీద పోరాడే సంఘంలో చేరి అడవి పట్టినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు, ఒళ్లో పసిపిల్ల. "సదువు నేర్చుకో బేటీ. వేలిముద్ర ఏస్తే ఎవడేం రాసుకున్నా నువ్వన్నట్టే అయితది" అని ఖాదర్ సాబే పలక తెచ్చి, తెలుగు అక్షరాలు దిద్దించాడు.

ఒక పొద్దున రజాకార్లు ఆయన అరుగెక్కారు. సంఘంలోకి పోయినవాళ్ల ఇళ్లేవో జాబితా రాసిమ్మన్నారు. ఆయనకు తెలియని ఇల్లు లేదు. గోడవతల నేను పిల్లను గుండెకు అదుముకొని వింటున్నాను. తనకు చూపు పోయిందనీ, నెల రోజులుగా అక్షరమే కనబడడం లేదనీ ఆయన చెప్పాడు. వాళ్లు తిట్టి, కలాలూ సిరాబుడ్డీ ఉన్న కలందానును తన్ని వెళ్లిపోయారు.

ఆనాటి నుంచి కర్ర పట్టుకొని, గోడలు తడుముకుంటూ నడిచాడు. వీధంతా నమ్మింది, నేనూ నమ్మాను. అర్జీలు ఆగిపోయాయి. పొయ్యి వెలగని పూటల్లో జొన్నరొట్టె నేనే తీసుకెళ్లేదాన్ని. ఒకనాడు రొట్టె పెట్టి లేస్తుంటే, "బేటీ, పిల్ల కండ్లు పచ్చగున్నయ్. జర దవాఖానకు తీస్కపో" అన్నాడు. నేను గిరుక్కున తిరిగి ఆయన కళ్లలోకి చూశాను. ఆయనే నెమ్మదిగా, "ఎవ్వరితోని అనకు" అన్నాడు. పిల్ల బతికింది. నేను ఎవరితోనూ అనలేదు.

భారత సైన్యం వచ్చింది. రజాకార్లు పారిపోయారు, నా భర్త ఇల్లు చేరాడు. వారం తిరగకముందే ఎక్కడెక్కడివాళ్లో గుంపుగా మున్షీ ఇంటి మీద పడ్డారు. రజాకార్లు ఆయన అరుగు మీద కూర్చోగా చూశామని కేకలు. సామానంతా వీధిలోకి విసిరారు. నేను తలుపు దగ్గరికి పరుగెత్తితే నా భర్త అడ్డం నిలిచాడు.

"యాడికి? ఆయన సంగతి నీకేం దెల్సు?"

తెలిసిందంతా చెప్పాను. నా భర్త ముఖం వాడిపోయింది. గడియ మీది చెయ్యి మాత్రం తీయలేదు.

"ఇప్పుడు పోతే మనల్ని గూడ కొడ్తరు. గమ్మునుండు."

గమ్మునే ఉన్నాను.

మర్నాడు ఖాదర్ సాబు మూట కట్టుకొని కూతురి దగ్గరికి బండెక్కాడు. గడపలో నిలబడ్డ నన్ను నేరుగా చూసి, "పైలం బేటీ" అన్నాడు.

ఉత్తరం రాద్దామని ఎన్నిసార్లో కూర్చున్నాను. మొదటి మాటే దొరకలేదు. రెండేళ్లకు ధైర్యం చేసి మిర్యాలగూడ వెళ్తే, ఆయన కూతురు గుమ్మంలోనే నా చేతులు పట్టుకుంది. ఆ ఎండాకాలమే పోయాడట.

"సూర్యాపేట నుంచి ఖతు వచ్చిందా అని దినాం అడిగేటోడు అక్కా. నీకెవరు రాస్తరు అబ్బా అంటే, నా దగ్గర సదువుకున్న బిడ్డ ఉన్నది, రాస్తది అనేటోడు."

ఇప్పటికీ నేను మున్షీ గల్లీ అనే అంటాను. ఆ మున్షీ ఎవరని మనవలు అడిగితే కూర్చోబెట్టి చెబుతాను. మున్షీ పక్కింట్లో ఎవరుండేవారని వాళ్లు అడగరు. అడగకపోయినా, ఆ రోజు తలుపు తీయని ఇల్లు మాదేనని చెప్పాకే లేస్తాను.