పొలం వైపు పిలిచిన పేరు

డిగ్రీ పాసయ్యాను, పాప కూడా దొరికింది! మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. ఏ వార్త ముందు చెప్పాలో తెలియక రెండూ కలిపి చెప్పేస్తున్నాను.

ఐర్లండ్‌లో డ్రోహెడా ఊరి బయట, పొలాల మధ్య తను పుట్టిన ఇంట్లోనే ఒంటరిగా ఉండే ఐరిష్ మామ్మని మా అమ్మ చూసుకుంటోంది. మామ్మకి ముందు పుట్టిన అక్క పసిగుడ్డుగానే పోయిందట. పేరూ తెలియదు, ఎక్కడ పాతిపెట్టారో తెలియదు. వచ్చే వారం మామ్మ ఇల్లు వదిలి నర్సింగ్ హోమ్‌కి వెళ్ళిపోతుంది. ఈలోగా అక్క ఎక్కడుందో వెతికి చూపించమంది. హిస్టరీ చదివానుగా, సరేనన్నాను.

"చిన్నప్పుడు మా అమ్మ పెరటి తలుపు తీసి, పొలం వైపు తిరిగి నా పేరు పిలిచేది. నేనేమో ఆవిడ వెనకే, పొయ్యి దగ్గరుండేదాన్ని" అంది మామ్మ.

"మీరు పలికేవారా?"

"ఒక్కసారి పలికా. ఉలిక్కిపడి చూసింది. ఇంకెప్పుడూ పలకలేదు. కాసేపాగి, అవతల ఎవరో జవాబిచ్చినట్టు నవ్వుకుని తలుపేసేది."

నేను నా కప్పు కింద పెట్టేశాను. మామ్మ మాత్రం "మిగతా అంతా గ్రాండ్, బాగానే ఉండేదిలే" అంటూ టీలో బిస్కట్ ముంచుకుంది.

జనన రికార్డుల్లో మామ్మ పేరు కనపడితే చాలు, "ఇది ఈవిడదే" అని దాటేసేదాన్ని. మా వైపు ఒక బిడ్డ పోతే తర్వాతి బిడ్డని చెత్తకుప్ప మీద దొర్లించి, చావుకి కూడా రోత పుట్టే పేరు పెడతారు. పోయిన పిల్ల పేరే మళ్ళీ పెడతారని నాకేం తెలుసు? ఇక్కడ అప్పట్లో అది మామూలేనని కాలేజీలో మా మేడమ్ చెప్పాక వెనక్కెళ్ళి చూశాను. అదే తల్లి, అదే తండ్రి, అదే పేరు. మామ్మ పుట్టక ముందటి పుట్టుక.

అమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "ఓరి దేవుడా! సచ్చిన పిల్ల పేరు బతికే పిల్లకి పెడతారంటే? పిలిస్తే ఎవరొస్తారే?"

చర్చి పుస్తకంలో ఆ పాపకి బాప్తిస్మం రాసి లేదు, అది కాకముందే పోయింది. అలాంటి పిల్లలకి అప్పట్లో చర్చి సమాధుల్లో చోటుండేది కాదు. పెరటి తలుపు తీసి, మామ్మ వాళ్ళమ్మ నిలబడ్డ చోటే నిలబడి చూశాను. ఎదురుగా పొలం మూల ముళ్ళచెట్టు, దాని కింద పేర్లేవీ చెక్కని చిన్న చిన్న రాళ్ళు. చుట్టూ దున్నారు కానీ అక్కడ నాగలి తగల్లేదు.

"పిల్లలున్నారు, పోవద్దు అనేవాడు మా నాన్న" అన్నాడు పొలం రైతు, గొంతు తగ్గించి.

మామ్మకి చెప్పాను. కిటికీలోంచి ఆ ముళ్ళచెట్టు కేసి చూసింది.

"ఎన్ని రాళ్ళున్నాయి?"

"చాలా ఉన్నాయి మామ్మా."

"మా అమ్మ ఒక్కదాన్నే పిలిచింది. మిగతావాళ్ళు కూడా వింటూనే ఉండుంటారు కదూ?"

తను నర్సింగ్ హోమ్‌కి వెళ్ళేలోపు అక్కడ అందరి కోసం ప్రార్థన జరగాలంది. అందుకే ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు: ఫాదర్‌గారు, ఈ వారంలోనే రమ్మని. రైతు, గేటు తీసి ఉంచమని. షానన్‌లో ఉన్న మామ్మ కొడుకు, వీల్‌చెయిర్ పట్టే కారు తెమ్మని. బాలింకాలిగ్‌లో ఉండే మా అత్త, ప్రార్థనలో పాటలు పాడటానికి. ఒంగోల్లో అమ్మమ్మ, డిగ్రీ సంగతి ఒక్కటే.